గోంగూర నీళ్లు తాగేదాకా

“దోమలు లోపలికి రాకుండనా మేడమ్, బయటికి పోకుండనా?”

కొలతల కోసం ఇంటికి వచ్చి, టేపు చేతిలో పట్టుకుని అడిగాడు ఉమాశంకర్. ఉప్పల్‌లో అతనిది మెష్ తలుపుల షాపు. ఏడేళ్లుగా కిటికీలకు జాలీలు బిగిస్తున్నాడు. ఆరు వైపులా జాలీ ఉన్న పెట్టె అడిగిన మనిషిని చూడటం ఇదే మొదలు.

“దోమలకు కాదండీ,” అంది మనస్విని. “గోంగూరకి.”

“ఎండవెట్టుకుంటరా?”

ఆమె నవ్వలేదు. హాల్లో టీపాయ్ మీదున్న గాజు తొట్టి చూపించింది. లోపల ఎండుకొమ్మను పట్టుకుని ఒక ఊసరవెల్లి. కళ్లు లోపలికి పోయాయి. ఆకుపచ్చగా ఉండేదని మనస్విని దానికి గోంగూర అని పేరు పెట్టింది. ఇప్పుడు మట్టిరంగులో ఉంది.

“యెమెన్ జాతిది. పెంచుకోవడానికి కాగితాలున్నాయి. తొట్టిలో గాలి ఆడదు, అద్దంలో తన నీడనే చూసి బెదిరిపోతోందని డాక్టర్ అన్నారు. రేపటిలోగా నీళ్లు తాగకపోతే...” గడియారం వైపు చూసింది. “సాయంత్రానికి కావాలి.”

“సాయంత్రానికా? మూడు రోజులు పడ్తది మేడమ్!”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉమాశంకర్ టేపు లాగాడు. “ఫికర్ జెయ్యకున్రి. ఎంత ఎత్తు?”

నాలుగింటికల్లా నాచారంలోని ఆ ఇంటికి పెట్టె వచ్చింది. నాలుగడుగుల ఎత్తు, అల్యూమినియం ఫ్రేము, సన్నటి స్టీలు జాలీ. అతను దాన్ని గర్వంగా సోఫా ఎదురుగా పెట్టాడు.

“సూడున్రి, అందరికీ మంచిగ కనవడ్తది.”

అందులోకి మార్చగానే గోంగూర నల్లబడింది.

“అందరికీ కనబడటమే దాని బాధ!” అంది మనస్విని. “మన తలకంటే ఎత్తులో ఉండాలి. కిందుంటే మనం దాని కళ్లకి గద్దల్లా ఉంటాం.”

“గీ ముక్క పొద్దున చెప్పొద్దా?”

“మీరు అడిగారా?”

ఇద్దరూ ఒక్క క్షణం చురచురా చూసుకున్నారు. తర్వాత అతను డ్రిల్లింగ్ మెషీన్ తీసుకుని బాల్కనీలోకి నడిచాడు.

“బాల్కనీ గోడకి కన్నాలా?” వంటింట్లోంచి గంగాధరరావు పరుగున వచ్చాడు. మనస్విని తండ్రి, రైల్వేలో ఇంజనీరుగా రిటైరయ్యాడు. “పోయిన నెలేగా పెయింట్ వేయించాను!” కూతురి మొహం చూశాడు. వెళ్లి ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చాడు.

పెట్టె గోడ మీదికి ఎక్కింది. లోపల మందార కొమ్మలు, దట్టంగా మనీప్లాంటు. పైన సెలైన్ సీసా. చుక్క తర్వాత చుక్క ఆకుల మీద పడుతోంది.

“గిన్నెల పోస్తే తాగదా?”

“ఆకు మీద మెరిసే చుక్కనే నీళ్లనుకుంటుంది.”

పది నిమిషాలు. గోంగూర ఒక కన్ను అతని మీద, మరో కన్ను ఆమె మీద పెట్టి కదలకుండా ఉంది.

“మనం చూస్తున్నంతసేపూ తాగదు,” గుసగుసగా అంది మనస్విని. “కూర్చోండి. అటు చూడకండి.”

ఇద్దరూ పెట్టె కిందే, ఎదురెదురుగా నేల మీద కూర్చున్నారు.

“మరి ఎటు సూడాలె?”

“ఎటైనా. దాన్ని తప్ప.”

ఆ ఇరుకు బాల్కనీలో చూడటానికి ఇంకొక్కటే ఉంది. ఇద్దరికీ.

బయట వాన మొదలైంది.

“గంత పాణమా అదంటే?” అడిగాడు.

“ఇంట్లో గ్యాస్ స్టవ్ కూడా నన్ను ముట్టుకోనివ్వరండీ నాన్న. నా ఫ్రెండ్ హరిణి ట్రాన్స్‌ఫరై వెళ్తూ దీన్ని నా చేతిలో పెట్టి, నీ దగ్గరైతే బతుకుతుందే అంది. నన్ను నమ్మి ఒక ప్రాణాన్ని ఇచ్చిందే... ఒక్క నెలకే...”

“మీరు దాన్ని ఒదిలేయలే గద. పొద్దుగాల నుంచి ముద్ద ముట్టినట్టు లేరు మీరు, పెదాలు ఎండిపోయినయ్. బతుకుతది.”

తన పెదాల దాకా చూశాడని ఆమెకు అర్థమైంది. అర్థమైనట్టు అతనికీ తెలిసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

బాల్కనీ వైపున్న వంటింటి కిటికీలోంచి గంగాధరరావు గొంతు, ఊపిరంత సన్నగా: “తాగుతోందే అమ్మాయ్! నాలుక చాచి చాచి తాగుతోంది!”

మనస్విని చెంపల మీదుగా కన్నీళ్లు జారాయి. తల మాత్రం ఎత్తలేదు.

“సూద్దామా?” అన్నాడతను.

“వద్దు. ఇంకాసేపు ఇలాగే.”

ఆ కాసేపు అరగంటైంది. చివరికి అతను గొంతు సవరించుకున్నాడు. “డోరు జర లూజున్నట్టుంది. రేపు మళ్ల వచ్చి సూస్త.”

“డోరు బాగానే ఉంది బాబూ, ఇందాకే చూశాను,” అన్నాడు కిటికీలోంచి గంగాధరరావు. “రేపు ఊరికే రా. కాఫీకి.”