తెంచని దారం

మేస్త్రి పూసిన గోడ అద్దంలా ఉండేదని ఒకప్పుడు పేరు. పరంజా మీంచి పడి తలకి ఎడమవైపు బొటనవేలు పట్టేంత సొట్ట పడ్డాక, ఎవరేం చెప్పినా ఆ మాట చెవిలోంచి లోపలికి చేరేలోపే దారి తప్పిపోయేది. చిన్నదానికే కోపం ముంచుకొచ్చేది. ఆ కోపంలో ఎవరినో తోసేసి జైలుకొచ్చాడట. ఆ సంగతీ ఎవరో చెబితే తెలిసిందే.

జైల్లో విజిల్ వేస్తే లేచి నిలబడాలి. మేస్త్రి మర్చిపోయి కూర్చునేవాడు. పొగరనుకుని కొట్టేవాళ్లు, అదీ తల మీదే. మతి లేనివాడికి బుద్ధి చెప్పాలంటే ఇంకెక్కడ కొడతారు మరి!

పక్క చాప మీది దర్జీ బాబాయే అతన్ని కనిపెట్టుకుని ఉండేవాడు. కుట్టుపని షెడ్డు ఊడ్చేది మేస్త్రి. అక్కడే బాబాయి అతని చొక్కా చేతి అంచున గుర్తుగా దారం కుట్టేవాడు. నల్లదారమైతే నోరు మూసుకుని చెప్పింది చెయ్యాలి. ఎర్రదారమైతే ఇవాళ అక్క వస్తుంది. సూది మాత్రం షెడ్డు దాటకూడదు. గదిలో సూది దొరికిందా, ఒంటరి గదే.

ఆ రోజు పొద్దున్నించీ ముసురు. కరెంటు పోయి మధ్యాహ్నానికే గది చీకటిపడింది. తడిసిన గోడల వాసన కొడుతోంది. మేస్త్రి చొక్కా అంచు కళ్ల దగ్గరికి తెచ్చుకుని తడిమాడు. ఎర్రదారం... వేలికి కొత్తగా, గరుగ్గా తగిలింది. ప్రాణం లేచొచ్చింది. అక్క ఈసారి లాయరును వెంటబెట్టుకొస్తోంది, పెద్దాసుపత్రికి పంపమని అడగడానికి. ఇక్కణ్ణించి బయటపడడానికి వేరే దారి లేదు.

విజిల్ మోగింది.

"లే అబ్బాయ్. నిలబడు," చెవి పక్కన గుసగుస.

"అలాగే బాబాయ్."

టార్చితో వచ్చిన వార్డరు ఆగాడు. "ఎవరితోరా?"

"దర్జీ బాబాయితో."

"వాడు పోయి నెల దాటింది కదరా. శవాన్ని మోసినవాళ్లలో నువ్వూ ఉన్నావు." నవ్వబోయిన వార్డరు చూపు చొక్కా మీద పడింది. "ఈ దారం ఎవడు కుట్టాడు?"

చొక్కా మడత విప్పితే, దారం చివర సూది వేలాడింది.

ఏం జరిగిందో మేస్త్రికి తెలిస్తే కదా చెప్పడానికి! "మా అక్క వస్తుందయ్యా..." అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. ఒంటరి గదిలో పడేసి తలుపేశారు.

కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. కాసేపటికి మిషన్ నూనె వాసన వచ్చింది. తర్వాత కటకటమంటూ చప్పుడు... కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు. ఆ గదిలో మిషను కాదు కదా, కూర్చోడానికి చాప కూడా లేదు.

"బాబాయ్..."

చప్పుడు ఆగింది.

"నువ్వు... పోయావటగా?"

"పోతే నిన్నెవరు చూసుకుంటారు?"

"అక్క చూసుకుంటుంది. ఆసుపత్రికి తీసుకెళ్తుంది."

మిషన్ ఒక్కసారి కటకటమని ఆగిపోయింది.

"నువ్వెళ్లిపోతే నాకెవరున్నారు అబ్బాయ్?" గొంతు ఇప్పుడు మెడ వెనక నుంచి వచ్చింది. "తల ఇలా పెట్టు. ఎక్కడ చిరిగితేనేం, కుట్టేది నేనేగా."

చల్లటి వేళ్లు సొట్టని తడిమాయి. అరవాలనుకున్నాడు. పారిపోవాలనుకున్నాడు.

"కదలకు."

ఎన్నాళ్లుగానో ఆ గొంతు చెప్పిందే చేస్తూ వచ్చాడు. కదల్లేదు.

లాయరు గొడవపెట్టుకుంటే సాయంత్రం తలుపు తీశారు. ములాఖత్ గదిలో ఇనప జాలీ అవతల అక్కని చూడగానే మేస్త్రికి ఏడుపు ఆగలేదు. ఎందుకో గుర్తులేదు.

"ఒప్పుకున్నార్రా! రేపే ఆసుపత్రికి తీసుకెళ్తారు," అంటూ అక్క జాలీ సందులోంచి వేళ్లు దూర్చి, ఎప్పటిలాగే సొట్ట తడిమింది. వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఈ కుట్లెప్పుడు వేశార్రా?"

"ఏ కుట్లక్కా?"

వెంట్రుకల కింద సన్నటి కుట్లు. ఎర్రదారం. దాని చివర తెంచలేదు. అది తమ్ముడి భుజం మీదుగా జారి, వెనక తలుపు కింద నుంచి వరండాలోకి పోయింది.

అక్క దాన్ని పట్టుకుని తెంచబోయింది. తెగలేదు.

అటువైపు నుంచి ఎవరో మెల్లగా లాగారు.

విజిల్ మోగకుండానే మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"అలాగే బాబాయ్," అన్నాడు.