టేబుల్ మీద మిగిలిపోయిన బ్యాగ్

సోమవారం ఉదయం 9:10. అమెరికాలో, అరోరా ఊళ్లోని స్పానిష్ వైన్ గోడౌన్‌లో ఒక సీసా మాయమైంది.

రియోహా గ్రాన్ రిజర్వా. 1994 నాటిది, చాలా ఖరీదైన వైన్. గురువారం ఒక కస్టమర్‌కి వెళ్లాల్సింది. తాళం వేసిన ఇనుప జాలీ కేజ్‌లోంచి పోయింది.

ఇన్వెస్టిగేటర్ త్రివేణి కేజ్‌లోకి వెళ్లింది. అరల మీద ప్రాంతాల పేర్లు. రియోహా. ప్రియోరాత్. హెరెజ్. నవార్రా. మూల టేబుల్ మీద ఒక పేపర్ బ్యాగ్. లోపల నవార్రా వైన్. కొత్తది, చవకది.

"శనివారం కేజ్ తెరిచింది ఒక్క బ్యాడ్జే. 4:52కి. ఇమ్మాన్యుయేల్‌ది," అన్నాడు మేనేజర్ శ్యామ్‌సుందర్.

"ఆ రోజు అతనితో మాట్లాడారా?"

"నేనా? నాకు సెలవండీ."

ఇమ్మాన్యుయేల్ అక్కడ ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్ చూస్తాడు. హెచ్-1బి వీసా. ఈ సాయంత్రం ఐదులోగా నిర్దోషి అని తేలకపోతే టెర్మినేట్ చేస్తారు. ఆపైన అరవై రోజులు. ఆలోగా ఇంకో జాబ్ దొరక్కపోతే దేశం వదలాలి.

"లోపలికెందుకు వెళ్లారు?" అడిగింది త్రివేణి.

అతను తల దించుకున్నాడు.

11:40. అపార్ట్‌మెంట్ తలుపు తీసింది అతని భార్య జోసఫిన్. చంకలో ఎనిమిది నెలల పాప.

"ఆయన తాగరు మేడమ్. ఆ వాసనే పడదు. పాపకి రేపు టీకా ఉందండి. ఇన్సూరెన్స్ ఉంటదా, పోతదా?"

త్రివేణి నోట్‌బుక్ తెరిచింది.

"ఇంట్లోకి వైన్ ఎప్పుడైనా వచ్చిందా?"

"అయ్యో, చర్చిలో ప్రభువు బల్లకి తప్ప! నెలకోసారి శ్యామ్‌సుందర్ గారే పంపిస్తారు. ఆయన మా చర్చి కాదు గానీ మంచి మనసు."

"నిన్న కూడానా?"

"నిన్న కూడా. చిన్న కప్పుల్లో నేనే పోశాను, నలభై ఒక్కమందికి. అడుగున మడ్డి ఉంటే పలచటి గుడ్డలో వడకట్టాను. పోయిన నెల అలా లేదు. లూసీ ఆంటీ అయితే, 'కానా పెళ్లిలో ప్రభువు నీళ్లతో చేసిన వైన్ ఇదే అయితే పెళ్లివారు లేచి వెళ్లిపోయేవారే' అంది!"

త్రివేణి నవ్వబోయి ఆగిపోయింది. కిటికీలో ఊరగాయ జాడీ. అందులో పూలు. జాడీ చుట్టూ బంగారు రంగు తీగ వల.

"అదెక్కడిది?"

"నిన్నటి సీసాకి చుట్టి ఉంది మేడమ్. బాగుందని దాచాను."

4:30. మేనేజర్ గదిలో జోసఫిన్‌తో సహా నలుగురూ కూర్చున్నారు.

"కొత్త వైన్‌లో అంత మడ్డి ఉండదు," అంది త్రివేణి. "ఏళ్ల తరబడి పడుకోబెట్టినదానికి అడుగున దిగుతుంది. రియోహాలో కొన్ని పాత కంపెనీలు ఖరీదైన సీసాలకి ఇలా వల చుట్టేవి, లోపల నకిలీ పోయకుండా. చర్చి తాగింది అదే. మరి చర్చికి వెళ్లాల్సిన నవార్రా ఏది? ఇంకా టేబుల్ మీదే ఉంది. అందరం దాన్ని చూశాం. ఎవరిదని అడగలేదు. శనివారం అక్కడ రెండు బ్యాగులున్నాయి, ఒకటి కస్టమర్‌ది, ఒకటి చర్చిది. ఇమ్మాన్యుయేల్ చేతికొచ్చింది కస్టమర్‌ది."

ఆమె ఇమ్మాన్యుయేల్ వైపు తిరిగింది. "లోపల చూడలేదా?"

"ఇచ్చిన కానుక విప్పి చూస్తామా మేడమ్? అందునా ప్రభువుకిచ్చింది."

త్రివేణి ఇమ్మాన్యుయేల్ ఫోన్ రికార్డ్ శ్యామ్‌సుందర్ ముందు పెట్టింది. శనివారం 4:47. శ్యామ్‌సుందర్ నుంచి కాల్. ముప్ఫై ఎనిమిది సెకన్లు.

"బ్యాగ్ తీసుకెళ్లమన్నారు కదూ?"

శ్యామ్‌సుందర్ చెమట తుడుచుకున్నాడు. స్టాక్‌లోంచి దానాలిచ్చాడని తెలిస్తే పోయేది అతని ఉద్యోగం.

"స్కానర్ గురించి అడిగాను. అంతే."

రికార్డ్‌లో టైమ్ ఉంది. మాటలు లేవు.

"ఇమ్మాన్యుయేల్, మీరు చెప్పండి!"

అతను శ్యామ్‌సుందర్ ముఖంలోకి చూశాడు.

"నన్ను ఈ జాబ్‌లో పెట్టింది సారే. ఆయన అన్నట్టే రాసుకోండి."

దొంగతనం కాదని తేలింది. సీసా బయటికి తీసుకెళ్లింది ఇమ్మాన్యుయేలే అనీ తేలింది. రిపోర్ట్‌లోకి ఎక్కగలిగింది అంతే; నిర్దోషి అన్న మాట ఎక్కలేదు.

4:58. త్రివేణి సెండ్ నొక్కింది.

జోసఫిన్ సంచిలోంచి తీగ వల తీసింది. వంకర్లు సరిచేసి రెండు చేతులతో టేబుల్ మీద పెట్టింది.

"ఒక్క చోటే కత్తిరించాను మేడమ్. ఇది తిరిగి ఇచ్చేస్తే సరిపోతుందేమో, అడుగుతారా?"