పొదగనివ్వని ఇల్లు

"మునుగు! ఇంకోసారి మునుగు! అప్పటికిగానీ నీ ఒంట్లో బద్ధకం వదలదు!"

పెరట్లో అత్తగారు ఎర్రకోడిని చన్నీళ్ళ బకెట్టులో ముంచి తీస్తోంది. మాటలు కోడితో, చూపు మాత్రం కిటికీ మీద! ఆ కిటికీ లోపల, మంచం మీద, కోడలు ఐదో నెల కడుపు మీద చెయ్యి వేసుకుని పక్కకి తిరిగి పడుకుంది. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు... ఈసారి బరువులెత్తవద్దు, మంచం దిగవద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. కానీ డాక్టరమ్మ చదువు అత్తగారి ముందు ఏపాటిది! గుడ్లు మానేసి పొదగడానికి కూర్చున్న కోడిని నీళ్ళలో ముంచి, గడ్డిపరకైనా లేని తీగల పంజరంలో వేస్తే, పొట్ట చల్లబడి మళ్ళీ గుడ్లకి వస్తుంది. లోకంలో ఆవిడకి తెలిసిన శాస్త్రమంతా అదే. కోళ్ళకి పనికొచ్చింది కోడలికి పనికిరాదా? అందుకే నిన్న మంచం మీది పరుపు లాగేసింది. "ఒళ్ళు వెచ్చగా ఉంటే లేవబుద్ధి కాదమ్మా!" అని పైగా సుద్దులు!

ఇక కొడుకుగారు! వడ్రంగి. వీధిలో అందరి తలుపులూ నున్నగా తెరుచుకునేలా చేస్తాడు, సొంత నోరు మాత్రం అమ్మ ముందు తెరుచుకోదు. ఆ పంజరం చేసిచ్చిందీ ఆయనే.

"అత్తయ్యా..." కోడలు కిటికీ ఊచలు పట్టుకుంది. "ఆ కోడి రోజూ పొద్దున్నే కట్టెల మోపు వెనకనుంచి వచ్చి, నాలుగు గింజలు తిని పరుగెత్తుకుంటూ పోతోంది. అక్కడ గుడ్లున్నాయేమో... ఒక్కసారి చూడండి!"

"అబ్బో! పడుకున్నచోటునుంచి నాకు కోళ్ళ పెంపకం నేర్పుతోంది మహాతల్లి! గుడ్లుంటే నాకు తెలియదూ? రేపు పొద్దున్న బిందె పట్టుకుని కుళాయికి పద. నాలుగు బిందెలు మోశావంటే దాని నీలుగుడూ, నీ నీలుగుడూ కలిసే వదులుతాయి!"

"అమ్మ చెప్పినదాంట్లో..." అని గొణిగి, మాట పూర్తి చేసే ధైర్యం లేక కొడుకు మంచినీళ్ళు తాగాడు.

ఆ రాత్రంతా చలిలో కోడి పంజరం తీగల్ని ముక్కుతో పొడుస్తూనే ఉంది...

తెల్లారి అత్తగారు మంచం పక్కన బిందె ఠంగుమని పెట్టి, పొయ్యిలోకి కట్టెలు తేబోయింది. మోపు లాగగానే కేక! "దొంగముండ! ఎన్ని గుడ్లు దాచిందే!" కొంగునిండా ఏరుకుని, నిధి దొరికినట్టు వంటింట్లోకి పరుగెత్తి, కొడుక్కి ఆమ్లెట్టు వేద్దామని ఒక గుడ్డు పెనం అంచుకి కొట్టింది.

సొన జారలేదు. పిల్ల జారింది! ముక్కు ఉంది, గోళ్ళున్నాయి, తడిసిన నూగు ఉంది... ఊపిరి లేదు. నమ్మలేక రెండోది కొట్టింది. అదీ అంతే! మూడోదానికి చెయ్యి రాలేదు.

అప్పుడే కోడలు ఖాళీ బిందె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"పాడు కోడి! చెప్పి చావొద్దూ!" అంది అత్తగారు.

"నేను చెప్పాను కదా, అత్తయ్యా..."

కొడుకు పెనం వంక చూశాడు, భార్య కడుపు వంక చూశాడు. "పోనీలే, అమ్మ తెలియక చేసింది," అన్నాడు. ఇన్నేళ్ళలో అతను పూర్తి చేసిన మాట అదొక్కటే!

కోడలు బిందె నేలమీద పెట్టి, అక్కకి ఫోన్ చేసింది.

మధ్యాహ్నానికి అక్క ఆటోలో వచ్చింది. అప్పుడు వచ్చింది అత్తగారికి ఏడుపు! "వీధిలో నా పరువేం కానమ్మా? నేను నిన్నేం చేశానని?"

"ఏమీ చెయ్యలేదత్తయ్యా. కోడి సంగతి తెలియక చేశారనే అనుకుందాం. నా సంగతి తెలిసి కూడా బిందె పెట్టారు. ఇంక నేనుండలేను."

"నేనూ వస్తాను..." అన్నాడు భర్త, గుమ్మం దిగకుండానే.

"మీరుండండి. ఇంట్లో నీళ్ళు ఎవరో ఒకరు మొయ్యాలిగా!"

అక్క భుజం మీద తల ఆన్చి, ఆమె ఆటోవాడితో అంది: "అన్నయ్యా, మెల్లగా పోనివ్వు."

"ఎంత మెల్లగానమ్మా?"

"చూసినవాళ్ళు నవ్వినా సరే... అంత మెల్లగా!"