ప్రతి ఆదివారం ఎందుకొస్తున్నట్టు?

"మా నాన్న డబ్బు మీద మీకెందుకండీ అంత ప్రేమ?"

తలుపు సగమే తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగింది ఆమె. బయట ఒకటే వాన. టై తడిసి ముద్దయిన ఆ యువకుడు వరండాలో గొడుగు దులుపుకుంటున్నాడు.

"డబ్బు మీద కాదండీ..." అని ఠక్కున నాలుక కరుచుకున్నాడు.

"మరి?"

"అంటే... ప్లానింగ్ మీద."

లోపల్నుంచి నాన్న కేకేశాడు. "ఎవరమ్మా, బాబేనా? రానివ్వు!"

ఆమె విసురుగా పక్కకు తప్పుకుంది. వరసగా ఇది నాలుగో ఆదివారం.

నాన్న లిఫ్ట్ మెకానిక్. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. ఆ తర్వాత డబ్బు ఎలా సర్దుకోవాలో చెప్పడానికి ఒక సలహా కంపెనీ నుంచి ఈ టై బాబు వస్తున్నాడు. టై కట్టుకుని నవ్వుతూ మాట్లాడేవాళ్లంటేనే ఆమెకు ఒళ్లు మంట. అలాంటివాడే ఒకడు బాబాయికి తీపి కబుర్లు చెప్పి, రిటైర్మెంట్ డబ్బంతా పట్టుకుని మాయమయ్యాడు. బాబాయి ఈ వయసులో కార్ పార్కింగ్ దగ్గర నిలబడి టికెట్లు చింపుతున్నాడు.

పైగా ఆమె గదిలోకి వస్తే చాలు, ఇద్దరూ మాట ఆపేస్తారు. ఆ రోజూ అంతే. టీ కప్పులు పెట్టేసరికి నాన్న కిటికీ వైపు, టై బాబు ఆమె వైపు చూస్తున్నారు.

"ఏం మాట్లాడుకుంటున్నారు?"

"ఏం లేదమ్మా, వాన గురించి," అన్నాడు నాన్న.

మంగళవారం అతను ఆమె పనిచేసే కళ్లద్దాల షాపులోనే ప్రత్యక్షమయ్యాడు. "కళ్లు లాగుతున్నాయండీ. కాస్త టెస్ట్ చేస్తారా?"

చీకటి గదిలో కూర్చోబెట్టి చార్ట్ వెలిగించింది. అన్నిటికన్నా కింద ఉన్న చిన్న అక్షరాలను అతను గుక్క తిప్పుకోకుండా చదివేశాడు.

"చిన్న అక్షరాలు మీకు బాగానే అలవాటులెండి. మా నాన్న చేత సంతకాలు పెట్టించే కాగితాల్లో ఉండేవి అవేగా!"

"అంత అనుమానమా నామీద?"

"మీ కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. అసలెందుకొచ్చారు?"

అతని నవ్వు ఆగిపోయింది. "మీ నాన్నగారు మీకో విషయం చెప్పాలి. నేను చెప్పకూడదు, క్లయింట్ మాట బయటపెట్టకూడదు. మీరే అడగండి. ప్లీజ్, ఈ రోజే అడగండి."

ఆమెకు బాబాయి గుర్తొచ్చాడు. సెలవు పెట్టి తిన్నగా ఇంటికొచ్చింది. నాన్న స్పానర్లు తుడుచుకుంటున్నాడు.

"ఎక్కడ సంతకం పెట్టావు నాన్నా? నిజం చెప్పు!"

"పెట్టలేదే! పెట్టనిస్తేగా ఆ బాబు!" నాన్న గుడ్డ పక్కన పడేశాడు. "వచ్చే డబ్బంతా నీకిచ్చేసి, సొంతంగా కళ్లద్దాల షాపు పెట్టిద్దామనుకున్నా. 'మరి మీకు డెబ్బై ఏళ్లొచ్చాక ఎలా బతుకుతారు, ముందు అమ్మాయికి చెప్పండి, అప్పటిదాకా కాగితం కదలదు' అని మొండికేశాడు."

ఆమె నాన్న పక్కనే కూర్చుంది.

"నెలనెలా జీతం ఆగిపోతుందంటే భయమేస్తోంది తల్లీ. నీ చేతిలో పెట్టేస్తే ఆ భయం కూడా నీకు అప్పగించేసినట్టే అనుకున్నా."

"నా షాపు నేను పెట్టుకుంటా నాన్నా, కాస్త ఆలస్యంగానైనా. నువ్వు ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేదంటే, అదే నాకు కొండంత ధైర్యం." మాట పూర్తికాకముందే ఆమె కళ్లు నిండాయి. నాన్న చాలాసేపు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

తర్వాత గొంతు తగ్గించాడు. "కానీ నాకూ ఒక అనుమానం ఉందే. ఈ మాట అతను మొదటి వారమే చెప్పాడు. నీకు చెప్పానో లేదో ఫోన్‌లో కనుక్కోవచ్చుగా? వానలో తడుస్తూ ప్రతి ఆదివారం రావాలా?"

ఆమె చెవులు వేడెక్కాయి.

మరుసటి ఆదివారం అతను టై లేకుండా వచ్చాడు.

"నాన్నతో పని అయిపోయిందిగా?" అంది, వీలైనంత కటువుగా.

"అయిపోయిందండీ. మిగతాది మా సీనియర్ మేడమ్‌కి అప్పగించేశాను. మీ నాన్నగారు ఇక నా క్లయింట్ కాదు."

"ఎందుకలా?"

"సలహా పేరు చెప్పి మిమ్మల్ని చూడ్డానికి రావడం తప్పనిపించింది. అందుకే ఈసారి ఏ పేరూ చెప్పకుండా వచ్చాను."

అంతలో నాన్న చెప్పులేసుకుని బయల్దేరాడు.

"వానలో ఎక్కడికి నాన్నా?"

"రిటైరవబోయేవాణ్ణి. ఊరికే తిరగడం ఇప్పట్నుంచే ప్రాక్టీస్ చేసుకోవద్దూ?" అతని భుజం తట్టి మెట్లు దిగిపోయాడు.

ఆమె మొదటిసారి అతని ఎదురుగా కూర్చుంది. "నిజం చెప్పండి. మొదటి ఆదివారం నుంచేనా ఇదంతా?"

"కాదండీ, రెండో ఆదివారం నుంచి."

"మొదటి ఆదివారం?"

"మిమ్మల్ని చూసి భయమేసింది."

ఎంత ఆపుకుందామన్నా నవ్వు ఆగలేదు ఆమెకు.