పళ్లున్న నోట బోసి మాట

లండన్‌కి దూరంగా ఉత్తరాన ఉన్న బ్యారో రేవులో కొత్త జలాంతర్గామి నీళ్లలోకి దిగాల్సిన రోజు పొద్దున్నే కాపలావాడు శవమై కనిపించాడు. మెడ మీద సూది పోటు.

"శత్రువుల ఏజెంటు ఓడల యార్డులోనే ఉన్నాడు, హిల్డా. జలాంతర్గామిని బాంబుతో పేల్చాలని చూస్తున్నాడు. అది నీ ఊరు. పరాయి యాస ఎవరిదో పట్టుకో. ఇసొబెల్ నీకు తోడు," అన్నాడు లండన్ నుంచి ఫోన్లో చీఫ్.

ఇసొబెల్ వేన్ సీక్రెట్ సర్వీసులో యాసల నిపుణురాలు. ముత్యాల దండ, ఖరీదైన సెంటు. ఒకప్పుడు బ్యారో చుట్టుపక్కల కొండలన్నీ తిరిగి ముసలివాళ్ల మాటలు టేపులకెక్కించిన మనిషి.

హిల్డా టైసన్ ఏప్రన్ కట్టుకుని క్యాంటీన్‌లో టీ పోయసాగింది.

"లండన్ పోయి దొరసానివయ్యావటగా. మా ఎంగిలి కప్పులతో నీకేం పనే?" అన్నాడొక వెల్డరు.

"నోరు మూసుకుని తాగు."

వెనక బల్ల దగ్గర్నుంచి జో అనే కొత్త ఫిట్టరు లేచాడు. "చాలు మఫా, యామ్ పోతా."

యామ్ అంటే ఇల్లు. అక్కడ అందరూ అనేదే. నేస్తాన్ని మాత్రం 'మర్రా' అంటారు. 'మఫా' అన్నవాడు లోకంలో ఒక్కడే, హిల్డా తాత. పొట్టేలు కుమ్మి ముందుపళ్లు రాలాక ఆయన నోట అలాగే వచ్చేది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. జోకి పళ్లన్నీ ఉన్నాయి.

తాత మాట ఉన్న టేపు ఒక్కటే. అది ఇసొబెల్ దగ్గర ఉంది.

హిల్డా చేతిలో కెటిల్‌తోనే జో వెంటపడింది. గేటు దగ్గర ఇసొబెల్ అడ్డొచ్చింది. చేతిలో లిప్‌స్టిక్, దాని కొసన సన్నటి సూది.

"మా తాత నీకు రొట్టె పెట్టాడు," అంది హిల్డా.

"మాటలు కూడా పెట్టాడు. మా జో పొల్లు పోకుండా నేర్చుకున్నాడు."

హిల్డా మరుగుతున్న టీ ఆమె చేతి మీద గుమ్మరించింది. లిప్‌స్టిక్ జారి మురుగులో పడింది. పరిగెత్తబోయిన జోకి వెల్డరు కాలు అడ్డం పెట్టాడు. హిల్డా జో గొంతు పట్టుకుంది.

"బాంబు ఎక్కడ?"

"వదులు మఫా, అందరం చస్తాం."

అచ్చం తాత గొంతు. ఆమె పట్టు సడలింది. మరుక్షణం ఆ నోటి మీదే గుద్దింది. వాడి కళ్లు జలాంతర్గామి కిందున్న పనిముట్ల పెట్టె వైపు పోయాయి.

బ్యాండు మొదలైంది. హిల్డా పరిగెత్తి పెట్టె ఎత్తి శక్తికొద్దీ రేవులోకి విసిరింది. అది మునిగీ మునగకముందే నీళ్లు మేడంత ఎత్తు లేచాయి.

అదంతా తన గౌరవార్థమే అనుకుని జలాంతర్గామిని నీళ్లలోకి వదలడానికి వచ్చిన మేయరు గారి భార్య టోపీ సవరించుకుని, జనానికి చెయ్యి ఊపింది.