రెండో కుర్చీలోని గొంతు

చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర సోమపురంలో పొద్దున్నే కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి. అందులో వింతేముంది అంటారేమో. ఎన్నడూ ఎండ తగలని గోతుల్లో రాయిలా బిగిసిన మంచును తవ్వి, కరిగించి తెచ్చిన నీళ్లవి. ఆ జలకేంద్రానికి అధిపతి మృణాళిని. ఆమె పక్క కుర్చీలో మనిషి లేడు. ‘ద్వితీయ’ అనే యంత్రం ఉంది.

ద్వితీయను కనిపెట్టిన డాక్టర్ దేవకృప చాలాకాలం ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చుంది. అధిపతి తర్వాతి మనిషి ఎలా ఉండాలి? తలుపు మూసి ఉన్నప్పుడు ‘ఇది తప్పు’ అని చెప్పగలగాలి. తలుపు తెరిచాక అధిపతి నిర్ణయాన్ని తనదిగా భుజానికెత్తుకోవాలి. పెద్ద కుర్చీ మీద మాత్రం కన్ను ఉండకూడదు. కన్ను లేదని ఎంత మంచివాడు చెప్పినా ఏ అధిపతీ నమ్మడు, చిక్కంతా అక్కడే. అందుకే ఆశ అన్నదే లేని న్యూరల్ ప్రాసెసర్‌ను తయారుచేసి దానికి ‘నిష్కామ మెదడు’ అని పేరు పెట్టింది.

ఏడాదిగా సోమపురంలో ఒక్క ప్రమాదం జరగలేదు. ద్వితీయ నేర్చుకున్నదంతా నకలు తీసి మిగతా కేంద్రాలకు పంపుదామని దేవకృప స్వయంగా వచ్చింది. మూత విప్పి చూస్తే నిష్కామ మెదడు మాడి మసైపోయి ఉంది. కిందటేడు వచ్చిన సౌర తుఫాను దెబ్బ అది. ఎవరి మాటనైనా ద్వితీయ గొంతుగా మార్చే స్వరయంత్రం, స్పీకరు మాత్రం పనిచేస్తున్నాయి. వాటి తీగ పక్క గదిలో ఉప అధిపతి సింహాద్రి బల్ల దాకా పోయింది. ద్వితీయ వచ్చాక అతనికి మిగిలింది మరమ్మతుల పనే.

దేవకృప మృణాళినినీ, అతన్నీ పిలిపించింది.

“ఏంటిది సింహాద్రీ?” అంది మృణాళిని.

“తుఫాను రోజు పంపులు ఆపమని ముందు నేనే చెప్పాను మేడమ్. నా సీటు మీద కన్నేశావా అన్నారు. మిషన్ చూస్తే అప్పటికే పోయింది. సొరంగాల్లో మనుషులున్నారు, ఏటి చెయ్యమంటారు? మైకు తగిలించి అదే మాట దాని గొంతుతో చెప్పాను. వెంటనే ఆపించేశారు.”

“తర్వాతైనా నిజం చెప్పాలనిపించలేదా?” అని అడిగింది దేవకృప.

“అనిపించిందండీ. చెప్తే ఆ మర్నాటి నుంచి వినరు కదా.”

మృణాళిని తలదించుకుంది. మనసారా సిగ్గుపడింది. “ఇక ఈ నాటకం వద్దు. ఇలా నా ఎదురుగా కూర్చో. రేపు మూడో సొరంగంలోకి నలభై మందిని దించుతున్నాం. దించొచ్చా?”

“వద్దు మేడమ్. పైకప్పు బీట తీసింది.”

ఏడాదిగా ఇలాంటి మాటకే ఆమె థాంక్స్ చెబుతూ వచ్చింది. ఇప్పుడు మాట వెనక మనిషి కనిపిస్తున్నాడు. తనకంటే చిన్నవాడు, కూలీలందరికీ కావలసినవాడు. సొరంగం ఆగిపోతే ఎవరికి చెడ్డపేరు, ఎవరికి లాభం? అలా ఆలోచిస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆలోచన వదల్లేదు.

“సింహాద్రీ,” అంది చివరికి, అతని మొహం చూడకుండా, “పక్క గదిలోకి వెళ్లి ఆ మాట మళ్లీ చెప్పు.”

అతను లేచి వెళ్లాడు. తలుపు మూసుకుంది. కాసేపటికి గోడ మీది స్పీకరు, ఏ ఆశా లేని ఆ చల్లని గొంతుతో, మూడో సొరంగం వద్దంది.

“సరే, ఆపించేస్తాను,” అంది మృణాళిని. “థాంక్స్.”