ఎలీసమ్మ తాలూకు

"సిటౌట్‌కి ఏ రంగు టైల్స్ వెయ్యమంటారండీ?"

ఏసుబాబు నోరు జారింది అక్కడే. సత్తెనపల్లి చుట్టుపక్కల పదేళ్ళుగా టైల్స్ పరుస్తున్నాడు, ఆ మాటకి ఇంతవరకూ ఎవరూ అడ్డు చెప్పలేదు. ఈ ఇంట్లో మాత్రం ఐదో తరగతికి పాఠాలు చెప్పే టీచరమ్మ ఉంది.

"ఏ అవుటూ?" అంది రెబెకా, చేతిలో చీపురుతోనే. "దాన్ని వసారా అంటారు."

"ప్లాన్‌లో అట్టాగే రాస్తారండీ మరి."

"రాసినాయన వచ్చి కూర్చుంటాడా ఇక్కడ? కూర్చునేది మా అమ్మ."

ఆ అమ్మ, ఎలీసమ్మ, మిరపకాయల తొడిమలు తీస్తూ నవ్వింది. "దాంతో పెట్టుకోమాక అబ్బాయ్. వసారా అను, నీ పని నువ్వు చేసుకో."

అన్నాడు. పని మాత్రం సాగలేదు. నాలుగు రోజుల్లో అయ్యేది పదిరోజులు పట్టింది. రోజుకో టైలు పగిలిందంటే ఎవరు నమ్ముతారు చెప్పండి? ఎలీసమ్మ నమ్మినట్టు నటించింది, అంతే.

"లాడ్జిలో దీన్నేమంటారు టీచర్‌గారూ?"

"లాబీ."

"బళ్ళో?"

"వరండా. ఊరికైతే చావిడి. పేరేదైతే ఏముందండీ, లోపలికి రానివ్వనోళ్ళని కూర్చోబెట్టే చోటేగా!"

"మరి నన్నెప్పుడు రానిస్తారు?"

రెబెకా చీపురు అక్కడే పడేసి ఇంట్లోకి పరుగు తీసింది. బయట జల్లు మొదలైంది. ఏసుబాబు తడిసిపోతున్న సిమెంటు సంగతి మరిచిపోయి, ఆమె పోయిన గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాడు.

రానిచ్చేది ఆమె కాదు, వాళ్ళ నాన్న జక్రయ్య. చర్చిలో సంఘ పెద్ద. ముక్కుసూటి మనిషి. తెల్లచొక్కా వేసుకుని పిల్లనడగడానికి వచ్చిన ఏసుబాబుని వసారాలోనే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"సిమెంటు చేతులోడికి టీచరమ్మ కావాల్సొచ్చిందా? నీ చోటు ఇక్కడిదాకేరా. గడప దాటమాక."

"పిల్లాడు మంచోడయ్యా, ఇద్దాం," అని లోపలినుంచి ఎలీసమ్మ. ఆ మాట ఆమె ఆరు నెలలు చెబుతూనే ఉంది. ఆయన వింటేగా!

ఫిబ్రవరి అకాల వానలో, కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పుతూ ఎలీసమ్మ కుప్పకూలింది. మెదడులో నరం చిట్లిందన్నారు. గుంటూరు ఆస్పత్రికి తీసుకొచ్చి నాలుగు రోజులైంది. కబురు తెలిసిన పూటే ఏసుబాబు వచ్చి వెయిటింగ్ హాల్లో ఓ మూల కూర్చున్నాడు. మందులు తెచ్చాడు. టీ తెచ్చాడు. జక్రయ్య ఆ టీ ముట్టలేదు, పలకరించనూ లేదు.

"వెళ్ళిపో ఏసుబాబూ," అంది రెబెకా దగ్గరికొచ్చి. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "నాన్నకి కష్టంగా ఉంది."

"ఇది వెయిటింగ్ హాలు. మీ వసారా కాదుగా, పొమ్మనడానికి."

నవ్వబోయింది పాపం. నవ్వు రాలేదు, ఏడుపే వచ్చింది. ఏసుబాబు చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు. అందరి ముందూ ఆమె భుజం మీద చెయ్యి వేసే హక్కు కూడా తనకి లేదు.

తలుపు తెరుచుకున్నప్పుడల్లా నర్సు కేకేసేది, "ఎలీసమ్మ తాలూకు ఎవరండీ?" అని. ఏసుబాబు లేవబోయి మళ్ళీ కూర్చునేవాడు. తాను ఆ ఇంటికి ఏమవుతాడని లేవాలి?

ఆ మధ్యాహ్నం నర్సు కేక వెయ్యలేదు. జక్రయ్య దగ్గరికే వచ్చి మెల్లగా చెప్పింది.

"ఎలీసమ్మ తాలూకు మీరేగా? ఇంక ఎక్కువసేపు లేదండీ. వచ్చి చూసుకోండి."

జక్రయ్య లేచాడు. రెండడుగులు వేశాడో లేదో తూలిపడబోయాడు. ఏసుబాబు ఒక్క ఉదుటున వెళ్ళి పట్టుకున్నాడు. ఓ పక్క కూతురు, ఓ పక్క తను, ఆయన్ని తలుపుదాకా నడిపించారు.

నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంట్లోవాళ్ళే రావాలండీ. ఈయనేమవుతారు?"

ఏసుబాబు రెబెకా వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది.

"ఏమీ కానండీ," అని ఏసుబాబు ఆయన చెయ్యి వదిలాడు.

జక్రయ్య వదల్లేదు. సిమెంటుకి బీటలు వారిన ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"మా అల్లుడమ్మా," అన్నాడు. "ఆరు నెల్లనించీ మా ఇంటిది చెబుతుంటే వినలా నేను. పిల్లనిస్తన్నానని దాని చెవిన ఒక్కమాట పడాల. ఆలస్యం చెయ్యమాక, దారియ్యి తల్లీ."

నర్సు పక్కకి తప్పుకుంది.

మంచం దగ్గర ఆయన వంగి, భార్య చెవి దగ్గర నోరు పెట్టాడు. "ఎలీసా, పిల్లోణ్ణి తీసుకొచ్చా. నువ్వు చెప్పినట్టే ఇద్దాం."

రెబెకా వెక్కివెక్కి ఏడుస్తూ ఏసుబాబు చెయ్యి పట్టుకుంది, నాన్న ఎదురుగానే.

ఎలీసమ్మ కళ్ళు తెరవలేదు. జక్రయ్య మళ్ళీ చెప్పాడు, ఈసారి గట్టిగా.